ముల్లుది తప్పా, చక్రానిదా?

మోరిస్ మైనర్ 1948 నుంచి 1970ల ఆరంభం దాకా ఇంగ్లండులో తయారైన కారు. అలెక్ ఇసిగోనిస్ చేతిలో రూపుదిద్దుకుంది. మన దేశంలో హిందుస్థాన్ మోటార్స్ దీన్నే బేబీ హిందుస్థాన్ పేరుతో అమ్మింది. ఇలాంటి బళ్ళను షెడ్డులో గుడ్డ కప్పి దాచకుండా ఇప్పటికీ రోడ్డు మీద తిప్పేవాళ్ళున్నారు. వాళ్ళలో చాలామంది నైలాన్ టైర్లు తీసేసి రేడియల్స్ వేయిస్తారు. ఇంజను తిరుగుడును వెనక చక్రాలకు అందించే క్రౌన్ పినియన్ మార్పించేవాళ్ళూ ఉన్నారు. బండి హాయిగా పోతుంది. డ్యాష్‌బోర్డు నడిమధ్య ఉన్న గుండ్రటి మీటరు మాత్రం ఆ రోజు నుంచి అబద్ధమాడటం మొదలెడుతుంది.

దాన్ని సరిచేయించాలా? తేడా ఎంతో కనుక్కుని, మనసులో లెక్క వేసుకుంటూ నడపాలా? పాత కార్ల వాళ్ళు నలుగురు చేరిన చోట ఈ తగువు లేవకుండా ఉండదు. ఇక్కడ వాదించుకునేది ఇద్దరే. సరిచెయ్యాల్సిందేననే నడివయసు ఇంజనీరు ఒకరు, ముట్టుకోవద్దనే పెద్దాయన ఒకరు.

సవరణవాది: మాస్టారూ, ముందు లెక్క చూద్దాం. 948 సి.సి. ఇంజనున్న మైనర్‌కి కంపెనీ ఇచ్చిన క్రౌన్ పినియన్ నిష్పత్తి 4.55. 1098 సి.సి. వచ్చాక అది 4.22 అయింది. హైవే మీద ఇంజను రొద తగ్గుతుందని ఇప్పుడు 3.9 వేయిస్తున్నారు. మీటర్ కేబుల్ బయల్దేరేది గేర్‌బాక్స్ నుంచి, అంటే క్రౌన్ పినియన్‌కి ముందే. దాని వెనకాల ఏం మార్చారో కేబుల్‌కేం తెలుసు? 4.55 తీసి 3.9 పెడితే మైలుకు కేబుల్ తిరిగే చుట్లు ఏడో వంతు తగ్గిపోతాయి. బండి అరవై మైళ్ళ వేగంతో పోతుంటే ముల్లు యాభై ఒకటి దాటదు.

యథాతథవాది: మరి తప్పు ముల్లుదెలా అవుతుంది నాయనా? పినియన్ మార్చినవాడిది. కంపెనీ వేసిన 4.55 తిరిగి బిగించు, పాత కొలత టైర్లు వెయ్యి, మీటరు దానంతటదే నిజం చెబుతుంది. తప్పు చేసినవాణ్ణి వదిలేసి సాక్షి చేత మాట మార్పిస్తానంటావేం?

సవరణవాది: వెయ్యచ్చు. కానీ 4.55తో లారీల మధ్య అరవై మీద పోతుంటే ఇంజను గోల పెడుతుంది. వానలో నైలాన్ టైర్లతో బ్రేకు తొక్కినవాడు రేడియల్స్‌కి మారకుండా ఉండడు. మార్పు వద్దంటే బండి బయటికి తీయడం మానేస్తారు. మార్పు చేశాక దాని ఫలితాన్ని పట్టించుకోకపోవడమే నాకు తప్పనిపిస్తుంది.

యథాతథవాది: అది ఒప్పుకుంటా. పినియన్ మార్చి మీటరు వదిలేసినవాడు సగం పనే చేశాడు. కానీ ఏమీ మార్చని బళ్ళ మీద కూడా పడతారు కదా మీరు. ముల్లు రెండు గీతలు అటో ఇటో ఉంటే చాలు, డబ్బా ఊడదీసుకుని బయల్దేరతారు.

ఈ డబ్బాలో ఏముందో తెలిస్తే పెద్దాయన భయం అర్థమవుతుంది. జర్మనీకి చెందిన ఒట్టో షుల్జ్ 1902లో పేటెంటు తీసుకున్న ఏర్పాటే ఆ తరువాత కొన్ని దశాబ్దాల పాటు ప్రపంచమంతా నడిచింది. కేబుల్ కొసన ఒక అయస్కాంతం తిరుగుతుంది. దానికి తగలకుండా, వెంట్రుకవాసి ఎడంలో ఒక అల్యూమినియం కప్పు ఉంటుంది. అల్యూమినియాన్ని అయస్కాంతం ఆకర్షించదు. కానీ అయస్కాంతం తిరిగేకొద్దీ కప్పులో విద్యుత్ సుడులు పుట్టి, కప్పును తిరిగే వైపే ఈడుస్తాయి. సన్నటి హెయిర్ స్ప్రింగ్ వెనక్కి గుంజుతుంది. ఈ రెండు బలాలూ సరితూగిన చోట ముల్లు నిలబడుతుంది. మైళ్ళు లెక్కపెట్టే అంకెల చక్రాలకు మాత్రం అయస్కాంతంతో పనిలేదు. అవి అదే కేబుల్‌కి పళ్ళచక్రాలతో నేరుగా ముడిపడి తిరుగుతాయి. అంటే ఒకే డబ్బాలో రెండు కొలతలు. ఒకటి తూకం లాంటిది, మారిపోవచ్చు. రెండోది లెక్క, పళ్ళు అరిగితే తప్ప మారదు.

సవరణవాది: అందుకే డబ్బా ఊడదీసే ముందు చూడాల్సిన సంగతొకటుంది. హైవే పక్క కిలోమీటరు రాళ్ళుంటాయి. పదహారు కిలోమీటర్లు పోతే పది మైళ్ళకు ఓ గుక్కెడు తక్కువ. మీటరు అంకెలు అంతే తిరిగి, ముల్లు మాత్రం తప్పు చెబుతుంటే జబ్బు డబ్బాలో ఉంది. అంకెలూ ముల్లూ ఒకే పాళ్ళలో తప్పితే జబ్బు కింద ఉంది, టైరులోనో పినియన్‌లోనో గేర్‌బాక్స్‌లో కేబుల్‌ను తిప్పే వార్మ్ గేర్‌లోనో. రెండో రకానికి డబ్బా మూత తెరిస్తే అది మూర్ఖత్వం.

యథాతథవాది: ఈ మాట చెప్పే మెకానిక్ ఎందరున్నారు?

సవరణవాది: తక్కువే. కానీ పద్ధతి కొత్తదేం కాదు. బ్రిటన్‌లో ఈ మీటర్లు చేసిన స్మిత్స్ వాళ్ళు చెప్పిందే. మీటరు వెనక కేబుల్ విప్పి, లోపలి తీగ కొసకు అట్టముక్క ముల్లులా గుచ్చాలి. వెనక టైరు మీద సుద్దతో గీత గీయాలి. ఇద్దరు మనుషులు బండిని తిన్నగా తోస్తుంటే, టైరు ఆరు చుట్లు తిరిగేలోపు అట్టముక్క ఎన్ని చుట్లు తిరిగిందో పావులతో సహా లెక్కపెట్టాలి. తరువాత చక్రం నడిబొడ్డు నుంచి నేల దాకా ఎన్ని అంగుళాలో కొలవాలి. చుట్లను 1680తో గుణించి ఆ అంగుళాలతో భాగిస్తే మైలుకు కేబుల్ తిరిగే చుట్లు వస్తాయి. చుట్లు ఎనిమిది, ఎత్తు పన్నెండు అంగుళాలు అనుకోండి, 1120. ఇప్పుడు డయల్ అడుగున చిన్న అంకెల్లో ఏముందో చూడాలి. అక్కడ 1280 అని ఉంటే ఆ మీటరు ఎనిమిదో వంతు తక్కువ చూపిస్తుంది. అంతా కలిపి ఒక సుద్దముక్క, ఒక అట్టముక్క, ఒక టేపు. స్క్రూడ్రైవరు డబ్బా మీద పడనే లేదు.

(1680 ఎక్కడి నుంచి ఊడిపడిందంటే: మైలుకు 63,360 అంగుళాలు. ఆరు చుట్లలో చక్రం పోయే దూరం ఆ ఎత్తుకు సుమారు 37.7 రెట్లు. ఒకదాన్ని రెండోదానితో భాగిస్తే వచ్చేది అదే. ఒక్క చక్రాన్నే జాకీ మీద లేపి తిప్పేవాళ్ళు మాత్రం ఆరు బదులు పన్నెండు చుట్లు తిప్పాలి. డిఫరెన్షియల్ సగం మింగేస్తుంది.)

యథాతథవాది: బావుంది. ఇప్పుడు నేనడిగేదానికి చెప్పు. నువ్వు కొలిచిన రోజు టైరు కొత్తది. దాని గీతల లోతు ఎనిమిది మిల్లీమీటర్లు. అది రెండు మిల్లీమీటర్లకు అరిగేసరికి చక్రం వ్యాసార్థం ఆరు మిల్లీమీటర్లు తగ్గుతుంది. మూడు వందల మిల్లీమీటర్ల చక్రానికి అది రెండు శాతం. గాలి కాస్త తగ్గితే ఇంకొంచెం. ఏ రోజు టైరుకు సరిపడా సరిచేస్తావు నువ్వు?

సవరణవాది: రెండు శాతం కోసం నేనూ కొట్లాడను. పద్నాలుగు శాతం సంగతి వేరు.

యథాతథవాది: కొత్త కార్ల సంగతి తియ్యనా? ఐక్యరాజ్యసమితి వాళ్ళ 39వ నిబంధన 1978 నుంచి ఉంది. బండి నిజంగా ఎనభైలో పోతుంటే మీటరు తొంభై రెండు చూపించినా తప్పు కాదంటుంది. నిజ వేగంలో పదో వంతు, దాని మీద ఇంకో నాలుగు కిలోమీటర్లు వెసులుబాటు. నిన్న షోరూమ్ నుంచి వచ్చిన బండికి లేని నిక్కచ్చితనం అరవై ఏళ్ళ బండికెందుకు?

సవరణవాది: మీరు సగమే చెప్పారు మాస్టారూ. అదే నిబంధన నిజం కంటే ఒక్క కిలోమీటరు కూడా తక్కువ చూపించకూడదంటుంది. ఎక్కువ చూపిస్తే మనిషి నెమ్మదిస్తాడు, ఇబ్బంది లేదు. మన మైనర్ చేసేది దానికి తలకిందులు. తక్కువ చూపిస్తోంది. అరవై ఏళ్ళ నాటి డ్రమ్ బ్రేకులతో, యాభైలో పోతున్నాననుకుంటూ యాభై ఎనిమిదిలో పోయేవాడికి బండి ఆపడానికి కావాల్సిన దూరం మూడో వంతు పెరుగుతుంది.

ఈ మాటకు పెద్దాయన దగ్గర జవాబు లేదు. లేదని ఒప్పుకున్నాడు కూడా. తక్కువ చూపించే మీటరునూ ఎక్కువ చూపించే మీటరునూ ఒకే గాటన కట్టకూడదన్నాడు. కానీ అక్కడితో ఆగలేదు.

యథాతథవాది: తక్కువ చూపించే దాన్ని పట్టించుకోవాలి, సరే. పట్టించుకోవడమంటే సరిచెయ్యడమేనా? ఫోను తెరిచి డ్యాష్‌బోర్డు మీద పెట్టు. ఉపగ్రహాల లెక్క తిన్నటి రోడ్డు మీద, నిలకడ వేగంలో నీ డబ్బా కంటే నికరంగా చెబుతుంది. ఒకసారి పోల్చి చూసుకో, ఇరవైకి ఎంత, నలభైకి ఎంత, యాభైకి ఎంత అని. చిన్న చీటీ రాసి సన్ వైజర్ వెనక అంటించు. ఎప్పుడు కావాలంటే అప్పుడు పీకెయ్యచ్చు. ఊడదీసిన ముల్లు సంగతి అలా కాదు. సన్నటి ఇరుసు మీద బిగుతుగా కూర్చున్న ముల్లును లాగేటప్పుడు ఆ ఇరుసు వంగిందంటే ఇక ఆ జన్మకు అది తిన్నగా తిరగదు. డయల్ మీద రంగు పొట్టుపొట్టుగా రాలుతుంది. పోతే పోయిందని కొత్తగా ప్రింటు చేయించిన డయల్ వేస్తారు. అక్షరాల్లో ఆ పాత వంపు రాదు.

సవరణవాది: చేతకానివాడి చేతిలో పెడితే అంతే. చేతనైనవాడు ముందు ముల్లు జోలికే పోడు, కేబుల్ చూస్తాడు. ముల్లు ఊగుతోందంటే పదిలో ఎక్కువసార్లు కేబుల్ ఎక్కడో మడతపడి ఉంటుంది, లేకపోతే లోపలి తీగ ఎండిపోయి ఉంటుంది. గ్రీజు పెట్టేటప్పుడు కూడా గేర్‌బాక్స్ వైపు పెట్టి, మీటరు వైపు కొస వదిలెయ్యాలి. ఆ కొసకీ పులిమేస్తే తీగ తిరిగేకొద్దీ అది పైకి పాకి డబ్బాలో చేరుతుంది. అయస్కాంతానికీ కప్పుకూ మధ్య జిడ్డు పడితే కప్పు దానికి అతుక్కుని తిరుగుతుంది. బండి ముప్ఫైలో ఉంటే ముల్లు డెబ్భైకి ఎగబాకుతుంది. దాన్ని చూసి స్ప్రింగు పోయిందని చెప్పి ముల్లు పీకేవాళ్ళున్నారు. వాళ్ళ సంగతిలో మీతో నాకు పేచీ లేదు.

యథాతథవాది: మరి అయస్కాంతమే నీరసపడితే?

సవరణవాది: అప్పుడు తెరవాల్సిందే. అయస్కాంతం బలం తగ్గితే ముల్లు తక్కువ చూపిస్తుంది, హెయిర్ స్ప్రింగు సడలితే ఎక్కువ చూపిస్తుంది. వేడికి కప్పు లోహంలో విద్యుత్తుకు అడ్డు పెరిగి ముల్లు వెనకపడుతుందని, దాన్ని సర్దడానికి అయస్కాంతం దగ్గర ప్రత్యేకమైన లోహపు ముక్క పెట్టిన మీటర్లున్నాయి. తయారు చేసినవాళ్ళే అంత శ్రద్ధ పెట్టారు మాస్టారూ. తప్పుగా చూపించడానికి కాదు కదా? ముల్లు సరిగ్గా చూపించడమే వాళ్ళు కోరింది. దాన్ని తిరిగి ఆ స్థితికి తేవడాన్ని మీరు చెరపడం అంటున్నారు.

ఈ వాదనలో బలం ఉంది. అంతర్జాతీయ పాత వాహనాల సమాఖ్య ఫీవా ఆమోదించిన ట్యూరిన్ చార్టర్‌ను ఇద్దరూ తమకే అనుకూలమంటారు. చేతనైనంత తక్కువ జోక్యం, పాత పదార్థం మీద గౌరవం అన్న భాగాన్ని పెద్దాయన పట్టుకుంటాడు. నడపడం కూడా కాపాడటంలో భాగమే అన్న ధోరణిని ఇంజనీరు పట్టుకుంటాడు. నిజానికి రెండూ అందులో ఉన్నాయి.

యథాతథవాది: మన దేశంలో 2021 జూలైలో వచ్చిన రూల్సు చూశావా? యాభై ఏళ్ళు దాటి, అసలు రూపంలో ఉన్న బండికి వింటేజ్ రిజిస్ట్రేషన్. కొత్తగా చేయిస్తే ఇరవై వేలు, నంబరులో ‘వి.ఎ.’ అక్షరాలు. ఆ బండిని రోజువారీ పనికి తిప్పకూడదు. ప్రదర్శనకో ర్యాలీకో పోవాలి, పెట్రోలుకో రిపేరుకో పోవాలి, అంతే. అలాంటి బండికి నిక్కచ్చి వేగంతో ఏం పని?

సవరణవాది: ప్రదర్శనకు పోయే దారిలో లారీలు పక్కకు తప్పుకుంటాయా? ఇంకోటి, ఆ రూల్సు పెద్ద మార్పులు అన్నప్పుడు చెప్పింది ఛాసిస్, బాడీ, ఇంజను గురించి. మీటరు డబ్బాలో స్ప్రింగు గురించి కాదు.

యథాతథవాది: రూలు పట్టుకోదని నేనూ ఒప్పుకుంటా. నా బెంగ అంకెల గురించి. చౌమహల్లా ప్యాలెస్‌లో ఆరో నిజాం కోసం చేయించిన రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఉంది కదా, పసుప్పచ్చ బండి. అది మొత్తం తిరిగింది 356 మైళ్ళేనని చెబుతారు. చూడ్డానికి వచ్చినవాళ్ళు ఆ అంకె విని నోరు తెరుస్తారు. బండి కథంతా ఆ మూడంకెల్లోనే ఉంది. డబ్బా తెరిచినవాడు అంకెల చక్రాలు జరిపితే, అది పొరపాటునే అనుకో, ఆ కథ పోయినట్టే.

సవరణవాది: ఆ అంకెను నేనూ ముట్టుకోను. అమెరికాలో దీనికి చట్టమే ఉంది. 1972 నుంచి ఓడోమీటర్ తిప్పడం చట్టవిరుద్ధం. రిపేరులో పాత అంకె నిలబెట్టడం కుదరకపోతే సున్నాకు తెచ్చి, అంతకు ముందు ఎన్ని మైళ్ళో, ఏ తేదీన రిపేరు చేశారో ఎడమ తలుపు చట్రం మీద చీటీ అంటించాలి. నాకు నచ్చిన పద్ధతి అది. చెయ్యి, చేసినట్టు రాయి. కానీ మైనర్ అంకెలను మరీ అంత నమ్మకండి. లక్ష మైళ్ళు కాగానే అయిదు సున్నాలై మళ్ళీ మొదలవుతుంది. ఎన్నిసార్లు మొదలైందో ఆ డబ్బా చెప్పదు. పైగా 3.9 పినియన్‌తో తిరిగినన్నాళ్ళూ ఏడు మైళ్ళు పోతే ఆరే లెక్కపెట్టింది. మీరు పూజ చేస్తున్న అంకె ఇప్పటికే తప్పు.

యథాతథవాది: తప్పే. కానీ ఆ తప్పు బండి తనంతట తాను చేసింది. నువ్వు చేయించింది కాదు.

సవరణవాది: ఈ ఒక్క తేడా నాకు ఎప్పటికీ బోధపడదు.

మైళ్ళ డయల్ తీసేసి కిలోమీటర్ల డయల్ వెయ్యాలా అన్న ఉపవాదం కూడా ఇక్కడే లేచింది. ఎనిమిదితో గుణించి అయిదుతో భాగించడం రానివాడు పాత కారు కొనకూడదని పెద్దాయన తీర్పు. ఇంజనీరు కూడా నవ్వి ఊరుకున్నాడు. రెండో ప్రపంచ యుద్ధం నాటి సైనిక వాహనాల మీటర్ల దగ్గర మాత్రం ఇద్దరిదీ ఒకటే మాట. చీకట్లో మెరవడానికి కొన్నిటి డయల్ మీద రేడియం కలిపిన రంగు పూశారు. మెరుపు పోయినా రేడియం పోదు. అవి ఇంట్లో బల్ల మీద పెట్టి ఊడదీసే వస్తువులు కావు.

యథాతథవాది: ఆ రోజుల్లో నిక్కచ్చి లెక్క కావాల్సినవాళ్ళు ఏం చేశారో తెలుసా? 1960ల ర్యాలీ కార్లు చూడు. డ్యాష్‌బోర్డు మీద విడిగా హాల్డా అని స్వీడన్ వాళ్ళ ట్రిప్ మీటరు. మీటర్ కేబుల్ నుంచే చీల్చి దానికి ఒక కొస ఇచ్చేవాళ్ళు. బండి టైరుకు తగ్గట్టు దాని పళ్ళచక్రాలు మార్చుకునే వీలుండేది. కంపెనీ మీటరును కదిలించకుండా పక్కన ఇంకోటి పెట్టుకున్నారు. నేను చెప్పే దారి అదే.

సవరణవాది: ఆ దారిలో ఇంకో రెండడుగులు నాతో వెయ్యండి. హాల్డా పళ్ళచక్రాలు మార్చినట్టే, కేబుల్ మధ్యలో బిగించే చిన్న నిష్పత్తి పెట్టెలు దొరుకుతాయి. మన లెక్క ఎంత? 4.55ని 3.9తో భాగిస్తే ఏడుకు ఆరు. ఆరు చుట్లు లోపలికి వస్తే ఏడు చుట్లు బయటికి పోయే పెట్టె. డబ్బా తెరవక్కర్లేదు, ముల్లు పీకక్కర్లేదు, డయల్ మీద గీత పడదు. ముల్లూ అంకెలూ రెండూ ఒకేసారి దారిలోకి వస్తాయి. రేపు ఎవరైనా 4.55 తిరిగి వేయిస్తే పెట్టె విప్పి పాత కేబుల్ తగిలించుకుంటారు.

యథాతథవాది: ఆ పెట్టెకు అడ్డు చెప్పడానికి నా దగ్గర పెద్దగా ఏం లేదు. పెట్టు. బిగించిన రోజున మీటరు మీద ఎన్ని మైళ్ళున్నాయో బండి పుస్తకంలో రాయి. డబ్బా మూత మాత్రం ముట్టుకోకు.

సవరణవాది: పెట్టె పెట్టాక కూడా ముల్లు ఊగుతుంటే?

యథాతథవాది: కొత్త కేబుల్ వెయ్యి.

సవరణవాది: కేబుల్ మార్చినా, అంకెలు సరిగ్గా తిరుగుతూ ముల్లు ఒక్కటే పది మైళ్ళు తక్కువ చూపిస్తే? అప్పుడు జబ్బు డబ్బాలోనే ఉన్నట్టు కదా మాస్టారూ.

యథాతథవాది: అప్పుడు ఆ డబ్బా విప్పి బీరువాలో పెడతా. పాత సామాన్ల కొట్లో ఇంకో మైనర్ డబ్బా దొరికితే దాన్ని తెచ్చి నీకిస్తా, నీ ఇష్టం వచ్చినట్టు ఊడదీసుకో.

సవరణవాది: దాని మీద ఇంకో బండి మైళ్ళుంటాయి.

యథాతథవాది: ఉంటాయి. అదే ఆలోచిస్తున్నా.